ఎనిమిదో పెట్టె

శ్రీనివాసరాజు చావు గురించి పోలీసులు రాసుకున్న కాగితంలో ఒక బొమ్మరైలు సంగతి కూడా ఉంది. రెండేళ్లుగా తయారుచేసుకుంటున్న జపాను రైలుని మృతుడు చివరి రాత్రి పూర్తిచేసి, అద్దాల బీరువాలో వరసగా పెట్టి, తెల్లవారుజామున తన రొయ్యల చెరువు తూము దగ్గర నీళ్లలో దూకినట్టు తెలుస్తోందని ఎస్సై రాశాడు. భీమవరం ఊరంతా ఆ మాటనే పట్టుకుంది. తెల్లమచ్చల తెగులొచ్చి వరసగా రెండు పంటలు పోయాయి, చేతిలో ఉన్న పని ముగించుకుని మరీ వెళ్లాడు, ముందే అనుకుని చేసిన పని కాకపోతే ఏంటి అన్నారు.

నెల్లాళ్లు నీలవేణి కూడా అలాగే నమ్మింది. నిన్న మధ్యాహ్నం బీరువా దుమ్ము తుడుస్తూ చివరి పెట్టెని వెల్లకిలా తిప్పి చూసేదాకా నమ్మింది.

ఆ పెట్టె అడుగున నాలుగు గొట్టాలున్నాయి. ఉండాల్సింది ఒక్కటి.

ఇప్పుడా పెట్టె దూదిలో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని, నరసాపురం పాసింజరులో కిటికీ పక్కన కూర్చుంది. బయట ముసురు పట్టి ఉంది. పాలకొల్లు దాటాక వరిచేల మీద ఆకాశం ఇంకా కిందకి దిగింది. పెళ్లయ్యాక ఆమె ఒంటరిగా రైలెక్కడం ఇదే మొదలు. ఎవరైనా అడిగితే లేసులు అల్లే సూరమ్మ దగ్గరికి వెళ్తున్నానని చెప్పాలనుకుంది. బావగారు వేణుగోపాలరాజుకి పొద్దున అదే చెప్పింది. ఆయన ఏమీ అడగలేదు. పాపని ద్రాక్షారామం తీసుకెళ్లి భీమేశ్వరస్వామి దర్శనం చేయించుకొస్తాను, నువ్వు నింపాదిగా రా అమ్మా అన్నాడు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంటికి పెద్దదిక్కు ఆయనే. కర్మకాండ చేయించిందీ, పోలీసులతో మాట్లాడిందీ, చెరువులు చూస్తున్నదీ ఆయనే.

ఆ రైలు ఇంటికొచ్చిన రోజు ఆమెకి బాగా గుర్తు. రొయ్యల బేరానికి జపాను నుంచి ఒగావా అనే కంపెనీ మనిషి వచ్చేవాడు. అతనికి ఆవకాయ అన్నం అలవాటు చేసిన ఘనత శ్రీనివాసరాజుది. ఆ రుణం ఉంచుకోకూడదనుకున్నాడో ఏమో, ఒక రాకలో ఎనిమిది పెట్టెల బొమ్మరైలు తెచ్చిచ్చాడు. ఒక్కో పెట్టె జానెడు కూడా లేదు. అద్దాలు, లోపల సీట్లు అన్నీ ఉన్నాయి గాని, చూస్తే ఏదో వెలితి. ఆ వెలితి సంగతి తర్వాత తెలిసింది. పైకప్పు మీద గాలిగొట్టాలు, తలుపుల పక్కన పట్టుకునే కడ్డీలు, పెట్టెల మధ్య వేలాడే రబ్బరు పైపులు విడిగా వస్తాయి. ప్లాస్టిక్ కొమ్మకి గింజల్లా అతుక్కుని ఉంటాయి. కొన్నవాడే వాటిని కోసి, సన్నటి బెజ్జాలు తొలిచి, ఒక్కొక్కటీ పెట్టుకోవాలి. అమ్మేవాళ్లు సగం పని మనకి ఎందుకు వదిలేస్తారండీ అని ఆమె అడిగితే, పిల్లని ఇచ్చేటప్పుడు నగలు విడిగా పెట్టి ఇవ్వరా, ఇదీ అంతే అని నవ్వాడు. ఆ రోజు నుంచి వాటి పేరు ఇంట్లో నగలే.

నగలు పెట్టడంలో ఆమెకీ భాగం ఉంది. కడ్డీలు ప్లాస్టిక్‌వి లావుగా ఉన్నాయని శ్రీనివాసరాజు రాగితీగతో చేయాలనుకున్నాడు. ఆ తీగని కొలత తప్పకుండా వంచడం అతనికి చేతకాలేదు. సూరమ్మ నేర్పిన లేసు సూదితో ఆమె ఇట్టే వంచిపెట్టేది. అతను పట్టకారుతో అందుకునేవాడు. రైలుతో వచ్చిన జపాను కాగితం మీద భాష అర్థం కాకపోయినా బొమ్మల పక్కన అంకెలుండేవి. ఆమె అంకె చదివితే అతను ఆ గింజ కోసేవాడు. పెట్టె కిందపెట్టే పధ్నాలుగో నంబరు నగ నూకగింజంత ఉంటుంది. అది మరుగుదొడ్డి గొట్టం. జపాను పెట్టెకి ఒకవైపే దొడ్డి ఉంటుంది కాబట్టి పెట్టెకి ఒక్కటే. కొమ్మకి పది దాకా వచ్చేవి. మిగిలినవి అతను అగ్గిపెట్టెలో దాచేవాడు. ఏడు పెట్టెలకి ఆమె కళ్లముందే ఏడు పెట్టాడు.

ఎనిమిదో పెట్టెకి నాలుగు మూలలా నాలుగు పెట్టింది అతని చెయ్యి కాదు. అడుగు వైపు ఎవరు చూస్తారులే అనుకునేవాడైతే ఒక్కటి కూడా పెట్టడు. నాలుగు మూలలా నాలుగు దొడ్లుండేది మన రైలుపెట్టెకి. ఆ సంగతి ఆలోచించకుండా చేతికి వచ్చేసే మనిషిని ఆమె ఒక్కణ్ణే ఎరుగును.

కీర్తిప్రియకి ఈ పొద్దున చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది. పదకొండేళ్ల పిల్ల నెల్లాళ్లుగా మాట్లాడటం లేదు. ఆ మంగళవారం తల్లితో పాలకొల్లు పెళ్లికి బయల్దేరుతూ, తనతో ఆడటానికి రాని తండ్రి మీద అలిగి, "ఆ రైలు అయిపోయాకే నాతో మాట్లాడు నాన్నా" అంది. గురువారం ఏడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి రైలు అయిపోయి ఉంది. తండ్రి చాప మీద ఉన్నాడు. పిల్ల ఆ బీరువా ముందు నిలబడి ఎనిమిది పెట్టెలూ లెక్కపెట్టింది. అంతే, ఆ తర్వాత నోరు తెరవలేదు. భీమవరం డాక్టర్లు, రాజమండ్రి డాక్టర్లు గొంతులో ఏ లోపమూ లేదన్నారు.

ఈ పొద్దున నీలవేణి పెట్టె తిప్పి చూపించి, ఇది నాన్న పని కాదు తల్లీ, నాన్న దీన్ని పూర్తిచెయ్యలేదు అంది. పిల్ల చాలాసేపు చూసింది. గొట్టాల మీద వేలు పెట్టి ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ తాకింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు గాని నెల్లాళ్ల తర్వాత ఆ కళ్లల్లో ఏదో వెలిగింది. జపాను కాగితం మడతపెట్టి గౌను జేబులో పెట్టుకుంది.

నరసాపురంలో రైలు ఆగింది. పట్టాలు ఇంక ముందుకి లేవు. దిగినవాళ్లంతా ముసురులో గొడుగులు విప్పుకుని రిక్షాల వైపు పోయారు. నీలవేణి మాత్రం ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, ఖాళీ పెట్టెలు నిలిపే చోటికి వెళ్లింది. అక్కడ పట్టాల కింద నిలువెత్తు గొయ్యి ఉంటుంది. మనుషులు అందులో దిగి పెట్టెల అడుగులు తనిఖీ చేస్తారు. గోతిలోంచి ఇనుము మీద సుత్తి చప్పుడు వస్తోంది.

బుల్లియ్య పైకెక్కి ఆమెని చూసి, చేతిలో సుత్తి వదిలేసినంత పని చేశాడు. పెట్టెల మరమ్మతు చేసే ఫిట్టరు, యాభై దాటిన మనిషి. అసలు పెట్టెల కొలతలు చూసుకోవడానికి వచ్చిన శ్రీనివాసరాజుతో స్నేహం కలిసి, ఆదివారాలు భీమవరం వచ్చి రైలు గదిలో బల్ల దగ్గర కూర్చునేవాడు. దినం రోజున కూడా వచ్చాడు. అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆ వారమంతా తనకి డ్యూటీ అనీ, భీమవరం ముఖమే చూడలేదనీ ఎవరూ అడక్కుండానే పదిమందికి చెప్పాడు.

ఆయన ఆమెని సామాన్ల గది అరుగు మీద కూర్చోబెట్టి, టీ తెప్పిస్తానన్నాడు. వద్దంది. టిఫిను డబ్బా మూత తీసి, దూది విప్పి, పెట్టెని వెల్లకిలా అరచేతిలో పెట్టి చూపించింది.

ఆయన దాన్ని చూశాడు. గ్రీజు అంటిన వేళ్లతో ముట్టుకోబోయి ఆగి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, మళ్లీ ముట్టుకోలేదు.

"ఎన్నుండాలండీ?" అన్నాడు.

"ఒకటి."

"ముప్ఫై ఏళ్ల చెయ్యండి అమ్మగారూ. చీకట్లో పెట్టినా నాలుగే పెడుతుంది." అరుగు మీద ఆమెకి దూరంగా చతికిలపడ్డాడు. "పెట్టేటప్పుడు కూడా అనుకున్నాను, ఇదేంటి, దీనికి బెజ్జం గుర్తు ఒక్కటే ఉంది, జపానువాడు మూడు మర్చిపోయాడేంటని. మిగతా మూడూ నేనే గుర్తు పెట్టి తొలిచాను."

నవ్వు రావాల్సిన మాట. ఇద్దరికీ రాలేదు.

ఎప్పుడు చేశారని ఆమె అడిగింది. మూడో రోజున, ఇల్లంతా జనంతో ఉన్నప్పుడు, రాజుగారి పని సగంలో ఉండిపోయిందని బాధేసి, ఆ గదిలో కూర్చుని చేసేశానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గురువారం తొమ్మిదింటికి ఆమె పాలకొల్లు నుంచి వచ్చేసరికే బీరువాలో ఎనిమిది పెట్టెలున్నాయి. ఎస్సై వాటిని లెక్కపెట్టి రాసుకున్నాడు. పాప కూడా లెక్కపెట్టింది.

"ఎనిమిదింటికి కదండీ చెరువు దగ్గర చూశారు ఆయన్ని. తొమ్మిదింటికి ఇది బీరువాలో ఉంది. మీరు ఎప్పుడొచ్చారు బుల్లియ్య గారూ?"

రేకు మీద వాన జోరందుకుంది.

"ఆయన కావాలనే పోయారని నా కూతురు నెల్లాళ్లుగా నమ్ముతోంది," అంది నీలవేణి. "తన మాట వల్లే పోయారనుకుంటోంది. మీరు ఇప్పుడు నోరు విప్పకపోతే అది జన్మలో విప్పదు. నేను మిమ్మల్ని పోలీసులకి పట్టించడానికి రాలేదు. దానికి ఒక్క మాట పట్టుకెళ్లడానికొచ్చాను."

బుల్లియ్య తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఎటో చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

బుధవారం సాయంత్రం శ్రీనివాసరాజు తనే నరసాపురం వచ్చాడు. ఎనిమిదో పెట్టె, నగల అగ్గిపెట్టె, జిగురు అన్నీ సంచిలో పెట్టుకొచ్చాడు. రేపు పాప వచ్చేసరికి ఇది పూర్తయి తీరాలి, నాకు ఈ రాత్రి ఇంకో పనుంది, నువ్వే చేసిపెట్టాలి అని ఆయన చేతిలో పెట్టాడు. తను ఇలాంటి సన్నపని ఎప్పుడూ పూర్తిగా చెయ్యలేదని బుల్లియ్య భయపడితే, భుజం తట్టాడు.

"ఏమన్నారో చెప్పమంటారా?" బుల్లియ్య తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "రైలు అయిపోయాక ఆ గదికి తాళం వేసేస్తాను బుల్లియ్యా, ఇంక ఆదివారాలన్నీ మా కీర్తివే, మాటిచ్చాను అన్నారు. పేరుపాలెం సముద్రానికి తీసుకెళ్తానన్నారు. చనిపోవాలనుకున్న మనిషి సముద్రం చూపిస్తానంటాడా అమ్మగారూ."

నీలవేణి పెట్టెని దూదిలో చుట్టింది. చుట్టడానికి చాలాసేపు పట్టింది. ఈ ఒక్క మాట చాలు. దీన్ని చెక్కుచెదరకుండా ఇంటికి పట్టుకెళ్లి పిల్ల చెవిలో వెయ్యాలి. ఆమె లేవబోయింది.

బుల్లియ్య లేవలేదు. ఇంకా ఉందన్నాడు.

రాత్రంతా కూర్చుని పని ముగించి, గురువారం మొదటి బండికి భీమవరం వచ్చి, ఆరున్నరకి వాళ్ల ఇంటి తలుపు కొట్టాడు. రాజుగారు తీస్తారనుకున్నాడు. తీసింది వేణుగోపాలరాజు.

తమ్ముడింట్లో అన్న ఉండటంలో వింత లేదు గనక బుల్లియ్య ముందు ఏమీ అనుకోలేదు. తర్వాత చూశాడు. ఆయన పంచె తొడల దాకా తడిసి ఉంది. అంచున చెరువు బురద. వసారా గచ్చు మీద నీళ్లు కారుతున్నాయి. బుల్లియ్య పెట్టె ఉన్న డబ్బా అందించి, చిన్నరాజుగారికి ఇవ్వండి, పాప వచ్చేలోపు బీరువాలో పెట్టమన్నారు అన్నాడు. వేణుగోపాలరాజు మూత తీసి లోపలికి చాలాసేపు చూశాడు.

"ఏమన్నారు?" అంది నీలవేణి.

"మా తమ్ముడికి ఇంక రైళ్లతో పనిలేదు బుల్లియ్యా, అన్నారండి. తలుపేసుకున్నారు."

ఆరున్నరకి. చెరువు కాపలావాడు శవాన్ని చూసింది ఎనిమిదింటికి.

మిగతాది బుల్లియ్య తల వంచుకునే చెప్పాడు. స్టేషను దగ్గర టీ తాగుతుంటే కబురు తెలిసింది. పరిగెత్తుకు వెళ్తే పెదరాజుగారే గేటు దగ్గర ఎదురొచ్చారు. పొడి బట్టల్లో ఉన్నారు. చివరిసారి తమ్ముణ్ణి చూసింది నువ్వే, వస్తువు రాత్రంతా నీ దగ్గరే ఉంది, పోలీసులు అడిగితే రైల్వే ఉద్యోగం ఉంటుందా, నువ్వీ పొద్దున ఇక్కడికి రాలేదు, నేను నిన్ను చూడలేదు అన్నారు. బుల్లియ్యకి మరో రెండేళ్ల సర్వీసు ఉంది. వెళ్లిపోయాడు.

"బుధవారం రాత్రి ఆయనకున్న పనేంటో చెప్పారా?"

"అన్నయ్యతో ఒక సంగతి తేల్చుకోవాలన్నారండి. ఏ సంగతో చెప్పలేదు."

నీలవేణి అరుగు దిగింది. మొగుడు పోయిన చెరువు కంటే లోతైన నీళ్లలో తను కాళ్లు పెట్టిందని అర్థమవుతోంది. నెల్లాళ్లుగా బావగారు వడ్డించమన్నట్టు వడ్డించింది, సంతకం పెట్టమన్న చోట పెట్టింది. ఈ పొద్దున పిల్లకి తల దువ్వి, కొత్త గౌను వేసి, ఆయన చేతికే అప్పగించి వచ్చింది.

స్టేషను బయట ఎస్‌టీడీ బూత్ ఉంది. పన్నెండవుతోంది. ఇంటికి రింగయ్యేలోగా ఆమె ఒకటే అనుకుంది. వాళ్లింకా బయల్దేరకుండా ఉండాలి. వాన కదా, ఆగి ఉంటారు.

పనిమనిషి రత్తమ్మ ఎత్తింది. నీలవేణి గొంతు విని ఏడుపందుకుంది. "పాపకేమైందే?" అంది నీలవేణి.

"పాప మాట్లాడిందమ్మా," అంది రత్తమ్మ. "మన బంగారుతల్లి మాట్లాడింది. కారెక్కుతూ పెదనాన్నగారి చెయ్యి పట్టుకుని మాట్లాడింది. నేను చెవులారా విన్నాను."

నెల్లాళ్లుగా నీలవేణి మొక్కని దేవుడు లేడు. ఆ పిల్ల నోట ఒక్క మాట వస్తే మోకాళ్ల మీద మెట్లెక్కుతానని కొండ మీది స్వామికి మొక్కుకుంది. ఆ మాట వచ్చింది.

"ఏమంది?"

"ఏదో రైలు గొడవేనమ్మా. గొట్టాలు నాలుగున్నాయి పెదనాన్నా, నాన్న పెట్టలేదంట, ఎవరు పెట్టారు అని అడిగింది. జేబులోంచి కాగితం తీసి చూపించింది కూడాను. ఆయనెంత సంతోషించారో, బొమ్మలా నిలబడిపోయారు. మళ్లీ లోపలికొచ్చి బీరువా చూసుకున్నారు. ఎనిమిదోది ఏదని అడిగితే, అమ్మగారు టిఫిను డబ్బాలో పెట్టుకుని నరసాపురం వెళ్లారని చెప్పాను."

"ఎటు వెళ్లారు రత్తమ్మా? సిద్ధాంతం వంతెన మీదుగానా?"

"కాదమ్మా. అనుకున్నది అదే గాని మార్చుకున్నారు. నరసాపురం రేవులో పంటు మీద గోదారి దాటి పోతామన్నారు. వెళ్లి గంటన్నరయింది. పాప పడవెక్కుతానని ఎంత..."

నీలవేణి రిసీవరు పెట్టేసింది. అద్దం తలుపు మీద వాన జారుతోంది. దాని వెనక తెల్లటి కారొకటి స్టేషను గేటు దాటి, నెమ్మదిగా వచ్చి, బూత్ ముందు ఆగింది.

వేణుగోపాలరాజు దిగాడు. గొడుగు విప్పుకున్నాడు. తొందరేమీ లేదు ఆయనకి. నీలవేణి తలుపు తోసుకుని బయటికొచ్చి, ఆయన్ని దాటి కారులోకి చూసింది. ముందు సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ. వెనక సీటు మీద, నాలుగు మడతలూ విప్పి, జపాను కాగితం పరిచి ఉంది.

ఆయన గొడుగు ఆమె తల మీదికి వంచాడు.

"తడిసిపోతున్నావమ్మా," అన్నాడు. "సూరమ్మ ఇల్లు ఇటు కాదు కదా."

"పాప ఏదండీ?"

"రేవులో నాటుపడవ ఎక్కి కూర్చుంది. నువ్వొస్తేగాని కదలనంటోంది. మన మనిషి పక్కనే ఉన్నాడులే." ఎడంచెయ్యి చాపాడు. "ముందు ఆ డబ్బా ఇలా ఇవ్వు."

ప్లాట్‌ఫారం చివర, ఆమె వచ్చేశాక మళ్లీ మొదలైన సుత్తి చప్పుడు ఆగిపోయింది.